బెల్లం ముద్దలో పది స్క్రూలు

త్రినాధరావు బట్టలు ఉతకడం అరవై ఒకటో ఏట నేర్చుకున్నాడు. అంతకుముందు ముప్పై నాలుగేళ్లు అనకాపల్లి బెల్లం మార్కెట్టులో కాటా వేశాడు. కళాసీలు బెల్లం దిమ్మ ఎత్తి కాటా మీద పెడితే, ముల్లు ఆగేదాకా చూసి, అంకె గట్టిగా చెప్పడం అతని పని. సీజన్లో మధ్యాహ్నానికే చొక్కా జిగటగా ఒంటికి అంటుకుపోయేది. ఆ జిగట ఎలా వదిలేదో, ఎవరు వదిలించేవారో ముప్పై నాలుగేళ్లలో ఒక్కరోజు కూడా ఆలోచించలేదు. సాయంత్రం విప్పి పడేస్తే మర్నాడు ఉతికిన చొక్కా దండెం మీద ఉండేది.

ఇప్పుడు గవరపాలెంలోని రెండు గదుల ఇంట్లో ఒక్కడే ఉంటున్నాడు. పెరట్లో కుళాయి, దాని పక్కన ఉతుకు బండ, గోడ వారన రేకు కింద బట్టల మిషను. దాని మీద పాత చీర కప్పి ఉంటుంది. రోజూ బండ మీద ఒక చొక్కా, ఒక లుంగీ ఉతుక్కుని, ఆ మిషను పక్కనుంచే నడిచి వెళ్లి దండెం మీద ఆరేస్తాడు.

మిషను రెండు తొట్ల రకం. ఒకదాంట్లో ఉతుకుతుంది, రెండోదాంట్లో పిండుతుంది. కూతురు ఇందు పదో తరగతిలో ఉండగా కొన్నారు. ఒక వర్షాకాలం పొద్దున్న ఉతికే తొట్టి తిరగడం మానేసింది. స్విచ్చి వేస్తే మూలుగుతుంది, అంతే. మెకానిక్కు ఒకతను వచ్చి, వెనక మూత ఒక్క స్క్రూ కూడా విప్పకుండా, అరగంట మాట్లాడాడు. ఈ మోడల్ ఇప్పుడు రావడం లేదన్నాడు, పార్టులు దొరకవన్నాడు, పాత ఇనుము వాడికి ఇచ్చి కొత్తది తీసుకోమన్నాడు. త్రినాధరావు అతనికి టీ ఇచ్చి పంపేశాడు.

ఆ తర్వాత నెలకి అతని భార్య అప్పలనర్సమ్మ గాజువాక వెళ్లింది. ఇందు అక్కడ ఒక మందుల కంపెనీలో షిఫ్టు పని చేస్తుంది. కాన్పు సెలవు అయిపోయింది, పాపని చూసేవాళ్లు లేరు. మూడు నెలలే అనుకుంటూ నర్సమ్మ ఒక సంచి సర్దుకుని బస్సెక్కింది. మూడు నెలలు పంతొమ్మిదయ్యాయి. మధ్యలో కొత్త అమావాస్య పండక్కి ఒక్క రోజు వచ్చి గుడిలో నూకాలమ్మని చూసుకుని సాయంత్రం బస్సుకే వెళ్లిపోయింది.

గాజువాక దూరమేం కాదు, గంట ప్రయాణం. త్రినాధరావు కూడా మొదట్లో వెళ్లాడు. అల్లుడికి రాత్రి షిఫ్టు, పగలంతా ముందు గదిలో పడుకుంటాడు. లోపలి గదిలో పాప, పాప ఉయ్యాల, ఆరేసిన గుడ్డలు. కూర్చోడానికి చోటు లేక త్రినాధరావు పొద్దున్నుంచి సాయంత్రం దాకా మేడమెట్ల మీద పేపరు చదువుతూ గడిపాడు. ఎక్కేవాళ్లకీ దిగేవాళ్లకీ కాళ్లు ముడుచుకుని దారి ఇచ్చేవాడు. నాలుగో రోజు, ఇంటి దగ్గర కుళాయి కారుతోందని చెప్పి వచ్చేశాడు. కుళాయి కారడం లేదు.

రోజూ సాయంత్రం ఫోన్ చేసి ఎప్పుడొస్తావని ఒకే మాట అడిగేవాడు. ఒక ఆదివారం నర్సమ్మ విసిగింది.

"నేనొచ్చి ఏటి సెయ్యాలి మావా? ఆ బండ మీద బట్టలుతకాలా? నా బుజం సంగతి నీకు తెలీదేటి. సెయ్యి సెవి దాకా ఎత్తలేకపోతన్నాను. ఇక్కడ మిషనుంది, స్విచ్చి నొక్కితే అయిపోతాది."

"నీ బట్టలు కూడా నేనుతుకుతాను."

"నువ్వుతికిన సొక్కా మొన్న వీడియోలో సూసేను. ఆ కాలరు సూసి పాప జడుసుకుంది."

"అయితే మిషను బాగయితే వత్తావా?"

"బాగయితే వత్తాను."

"మాటేనా?"

"మాటే," అంది నర్సమ్మ.

మర్నాడు అతను మిషను మీది చీర తీసి మడతపెట్టాడు.

*

నెహ్రూచౌక్ వెనక సందులో ఖయ్యూమ్‌ది మోటారు వైండింగ్ కొట్టు. కాలిపోయిన మోటార్లకి పాత తీగ పీకి కొత్త రాగితీగ చుడతాడు. త్రినాధరావు వెళ్లేసరికి ఖయ్యూమ్ తీగ చుడుతూ, పెదవులు కదుపుతూ చుట్లు లెక్కపెడుతున్నాడు. తల ఎత్తకుండా ఒక వేలు పైకెత్తాడు. త్రినాధరావు గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. కాటా ముల్లు ఊగుతున్నప్పుడు ఎవరైనా పలకరిస్తే అతనికీ చిరాకే. రెండు వందల ఇరవయ్యో చుట్టు దగ్గర ఖయ్యూమ్ తీగ తెంపి ముడేశాడు.

"సెప్పు బావా."

"బట్టల మిషను భాయ్. స్విచ్చేత్తే మూలుగుతాది, తిరగదు."

"ఎన్నాళ్లయింది?"

"ఇరవై నెలలు."

"ఇరవై నెలలు మూలిగితే మనిషైనా ఊరుకోడు. విప్పి సూసేవా?"

"లేదు."

"ముందు విప్పు. విప్పకుండా నన్నడిగితే నేను సెప్పేది గాలి కబురు. ఎవరినైనా పంపనా?"

"నేనే సేత్తాను."

ఖయ్యూమ్ అతని మొహం కాకుండా చేతులు చూశాడు. మార్కెట్టులో కాటాలు చెడిపోతే కంపెనీ మనిషి వచ్చేదాకా ఆగకుండా త్రినాధరావే విప్పి సరిచేసేవాడని ఖయ్యూమ్‌కి తెలుసు. ఎవరూ నేర్పలేదు. చెడిపోయిన కాటా పక్కన బాగున్న కాటా కూడా విప్పి, రెండూ పోల్చి చూసి నేర్చుకున్నాడు.

"సెయ్యి," అన్నాడు ఖయ్యూమ్. "ప్లగ్గు పీకి సెయ్యి."

త్రినాధరావు ఇంటికొచ్చి మిషనుని గోడ నుంచి జరిపాడు. వంటింట్లోంచి ఒక పళ్లెం తెచ్చి, అందులో పిడికెడు మెత్తటి బెల్లం వేసి రొట్టెలా తట్టాడు. ఇది మార్కెట్టు అలవాటు. అక్కడ కాటా విప్పితే చుట్టూ గోనెలు, కింద పగుళ్ల నేల, పైనుంచి గాలి. జారిన స్క్రూ మళ్లీ దొరికేది కాదు. అందుకని పాకం కుదరక మెత్తగా ఉండిపోయిన బెల్లం ముద్ద ఒకటి చెక్క మీద తట్టి, తీసిన స్క్రూ తీసినట్టే వరసలో గుచ్చేవాడు. ఏది ఎక్కడిదో మరిచిపోడానికి వీల్లేదు. చెక్క తిరగబడినా ఒక్కటీ రాలేది కాదు. పనయ్యాక టీ కొట్టులోంచి గ్లాసుడు వేణ్నీళ్లు తెచ్చి, స్క్రూలన్నీ అందులో వేసి, బెల్లం పూర్తిగా కరిగాక తుడిచి బిగించేవాడు. వేణ్నీళ్ల పని ఎప్పుడూ మానలేదు. అక్కడ చీమలు కాటాల్లోకి దూరితే ముల్లు తప్పుడు లెక్క చెబుతుంది.

మొదట టైమరు మీద అనుమానపడ్డాడు. పైన టైమరు తిప్పే బిరడా ఉన్న పలకకి మూడు స్క్రూలు విప్పి, టైమరు తిప్పుతూ, లోపలి రేకులు కలుస్తున్నాయో లేదో చూశాడు. కలుస్తున్నాయి, విడుతున్నాయి. దానిలో తప్పు లేదు. వెనక మూతకి ఆరు. ఉతికే తొట్టి అడుగున తిరిగే చక్రానికి నడిమధ్య ఒకటి. మొత్తం పది. పదీ బెల్లంలో వరసగా నిలబడ్డాయి.

మధ్య స్క్రూ తుప్పుపట్టి కదల్లేదు. కొబ్బరినూనె చుక్క వేసి మర్నాటి దాకా వదిలేశాడు. మర్నాడు వచ్చింది. చక్రం పైకెత్తితే కింద బురదలా పట్టిన సబ్బు, దారాలు. సబ్బులో మూడు జాకెట్టు హుక్కులు, ఒక పిన్నీసు. అతను వాటిని కడిగి చూశాడు. హుక్కులు వంకరపోయాయి గానీ విరగలేదు. పారేయబుద్ధి కాలేదు. బెల్లం మీదే, స్క్రూల వరస చివర వాటినీ గుచ్చాడు.

ఇరుసు బిగుసుకుపోయి ఉంది. నూనె పోసి చేత్తో ఇటు అటు తిప్పుతూ కూర్చున్నాడు. మొదటి గంటలో వేలెడు తిరిగింది. మధ్యాహ్నం భోజనం చేసి వచ్చి మళ్లీ తిప్పాడు. సాయంత్రానికి ఆగకుండా పూర్తి చుట్టు తిరిగింది. ఆ రోజు ఫోన్ చేయడం మరిచిపోయాడు. నర్సమ్మే చేసింది.

"ఏటయ్యింది, ఒంట్లో బాగానే ఉందా?"

"పని మీదున్నాను," అన్నాడు. ఆ మాట చాలాకాలం తర్వాత అతని నోట వచ్చింది.

మూడో రోజు బెల్టు తీసేసి, చెప్పులేసుకుని, ప్లగ్గు పెట్టి స్విచ్చి వేశాడు. మోటారు మూలిగింది. ఎండు పుల్లతో మోటారు చక్రాన్ని ఒక్క తోపు తోశాడు. గిర్రున తిరిగింది. ఆపి మళ్లీ వేశాడు. మూలిగింది. మళ్లీ తోస్తే తిరిగింది. ప్లగ్గు పీకి నెహ్రూచౌక్ వైపు నడిచాడు. సైకిలుందని దారిలో గుర్తొచ్చింది.

"తోత్తే తిరుగుతోంది భాయ్."

"అయితే మోటారు బతికుంది. కండెన్సరు సచ్చింది. మొదటి తోపు తోసేది అదే." ఖయ్యూమ్ డబ్బాలో వెతికి ఒకటి తీసి, దాని మీది అంకె వెలుతురులో చూసి ఇచ్చాడు. "పాతది తీసేముందు దాని రెండు కాళ్లూ స్క్రూడ్రైవరుతో ఒకసారి కలుపు. సచ్చినా షాకు కొడతాది. తీగలు ఏవి ఎక్కడున్నాయో అక్కడే పెట్టు, తెలివి వాడకు."

"సరే."

"ఇంకోటి. బాగయ్యేక ఊరికే కూకోబెట్టకు. మిషను కూకుంటే పట్టేత్తాది. వారానికోసారి తిప్పు, బట్టలున్నా లేకపోయినా."

"ఎందుకుండవు బట్టలు," అన్నాడు త్రినాధరావు. "నర్సమ్మ వచ్చేత్తంది కదా."

ఖయ్యూమ్ తీగచుట్ట మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

*

కండెన్సరు మార్చి బెల్టు వేస్తే, ఆ బుధవారమే పన్నెండున్నరకి మిషను తిరిగింది. వెనక మూత ఇంకా తీసే ఉంది, చక్రాన్ని స్క్రూ లేకుండానే ఇరుసు మీద కూర్చోబెట్టాడు. తొట్టిలో సగం నీళ్లు పోసి, టైమరు తిప్పి, స్విచ్చి వేశాడు. చక్రం కుడికి తిరిగింది, ఆగింది, ఎడమకి తిరిగింది. నీళ్లు అంచుదాకా లేచి పడ్డాయి. త్రినాధరావు తడి చేత్తోనే ఫోన్ తీసి నర్సమ్మకి చేసి, ఏమీ మాట్లాడకుండా మిషను దగ్గర పెట్టాడు.



"నిజంగా అదేనా?" అంది నర్సమ్మ.

"ఇంకేటనుకున్నావు?"

"ఎవరు సేసేరు?"

"నేనే."

వెనకనుంచి పాప ఏదో అంటోంది. తర్వాత ఇందు గొంతు దగ్గరికి వచ్చింది. "నాన్నా, మిషను బాగయిందంట కదా. అమ్మ వత్తే నేను లీవు పెట్టుకోవాలి. ఒంటిగంటన్నరకి కంపెనీ బస్సు. ఈరోజే సూపర్‌వైజర్ని అడగాలి. అంతా బిగించి వీడియోలో తిప్పి సూపించు, తరవాత ఆగిపోయిందంటే నాకు లీవు దండగ."

గడియారం చూశాడు. పన్నెండూ నలభై అయిదు. పళ్లెం పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. పొయ్యి మీద నీళ్లు పెట్టాలి, అవి మరగాలి, స్క్రూలు నానాలి, ఆరాలి. మధ్య స్క్రూ బెల్లంలోంచి లాగి, లుంగీ అంచుతో గట్టిగా తుడిచి బిగించాడు. తర్వాత పైపలకవి మూడు, వెనకవి ఆరు. ఒక్కోదాన్నీ రెండుసార్లు తుడిచాడు. ఒంటిగంటా పదికి వీడియో కాల్ చేశాడు. మిషను బాగా తిరిగింది. ఇందు నవ్వి, "ఆదివారం పంపుతాను నాన్నా," అంది.

ఆదివారానికి నాలుగు రోజులు. ఆ నాలుగు రోజులూ తన బట్టలు బండ మీదే ఉతుక్కున్నాడు. బాగుచేసిన మిషనులో మొదట తన లుంగీ వేయడం సరికాదనిపించింది. దాన్ని నర్సమ్మ కోసం తుడిచి, చీర కప్పి ఉంచాడు. శనివారం దుప్పట్లు, దిండు గలేబులు తీసి మూటకట్టి సిద్ధంగా పెట్టాడు. ఆమె తలదిండు మీద పంతొమ్మిది నెలలుగా ఎవరూ పడుకోలేదు. ఆ గలేబు కూడా మూటలో వేశాడు.

ఆదివారం తొమ్మిదింటికి బస్సు దిగింది నర్సమ్మ. చిన్న సంచి. త్రినాధరావు దాన్ని అందుకుంటే బరువే లేదు. ముప్పై నాలుగేళ్లు తూచిన చెయ్యి; సంచిలో ఎన్ని చీరలుంటాయో దానికి తెలిసిపోయింది.

ఇంటికొచ్చి ఆమె వంటిల్లు చూసి, డబ్బాల మూతలు తీసి చూసి, పెరట్లోకి వచ్చింది. మూట విప్పి దుప్పట్లు తొట్టిలో వేసింది, నీళ్లు పట్టింది, పొడి వేసింది. టైమరు తిప్పింది.

టైమరు కిర్రు కిర్రుమంటూ నడిచింది. చక్రం కదల్లేదు. ఈసారి మూలుగు కూడా లేదు.

ఇద్దరూ తొట్టిలోకి చూస్తూ నిలబడ్డారు.

"సౌండు ఫోన్లోనే వత్తాదేటి మావా?"

త్రినాధరావు టైమరు మళ్లీ తిప్పాడు. ప్లగ్గు పీకి పెట్టాడు. వీధి దీపం స్తంభం దాకా వెళ్లి కరెంటు ఉందో లేదో పక్కింటి వాళ్లని కూడా అడిగి వచ్చాడు. కరెంటుంది. నర్సమ్మ మిషను వెనక్కి వంగి గోడ వైపు చూస్తోంది.

"ఇలగ రా. ఇది సూడు."

గోడ పగులులోంచి చిన్న ఎర్రచీమల బారు ఒకటి నీళ్ల గొట్టం మీదుగా పైకెక్కి, పైపలక సందులోకి పోతోంది. తిరిగి వచ్చేవి తిరిగి వస్తున్నాయి.

"స్క్రూలు దేన్లో పెట్టేవు?"

అతను వంటింటి వైపు చూశాడు. ఆమె వంటింట్లోకి వెళ్లి, పొయ్యి గట్టు మీద గిన్నె బోర్లించి ఉన్న పళ్లెం తెచ్చింది. ఎండిపోయిన బెల్లం రొట్టె మీద పది చిల్లులు. వరస చివర మూడు హుక్కులు, పిన్నీసు.

"ఇవి నా జాకెట్టువి."

"చక్రం కిందున్నాయి."

"వీటిని కూడా పాకంలో పెట్టేవేటి?" ఆమె నవ్వబోయి ఆపుకుంది. "వేణ్నీళ్లలో కడగలేదా? మార్కెట్లో గ్లాసు పట్టుకుని టీ కొట్టోడి ప్రాణం తీసేవోడివి."

"టయిం లేదు. ఒంటిగంటన్నరకి బస్సని ఇందు అంది."

నర్సమ్మ పళ్లెం బండ మీద పెట్టి, లోపలికి వెళ్లి పొయ్యి మీద నీళ్లు పెట్టింది.

పైపలక మళ్లీ విప్పాడు. ఈసారి స్క్రూలు నేరుగా గ్లాసులో వేశాడు. టైమరు ప్లాస్టిక్ డబ్బా పక్కమూత తీస్తే లోపల చీమలు. రేకుల మధ్య నలిగి చచ్చినవి పొరలా పేరుకున్నాయి. అవి అడ్డుపడి రేకులు కలవడం లేదు. నర్సమ్మ ఎడమచేత్తో ఫోన్ లైటు పట్టుకుంది. అతను పాత శుభలేఖ ఒకటి సన్నగా చీల్చి, ఆ ముక్కని రేకుల మధ్య దూర్చి, మెల్లగా లాగాడు. నల్లగా వచ్చింది. ఇంకో ముక్క. నాలుగో ముక్క తెల్లగా వచ్చింది.

"ఎవరి పెళ్లిదీ?"

"దేవరాపల్లి మీ చిన్నాన్న మనవడిది. నువ్వు లేవని వెళ్లలేదు."

లైటు కొంచెం ఊగింది. "సరిగా పట్టుకో," అన్నాడు. పట్టుకుంది.

గొట్టం, పలక, గోడ పగులు అన్నీ వేడి గుడ్డతో తుడిచారు. స్క్రూలు నీళ్లలోంచి తీసి, ఒక్కోటీ ఆమె పొడిగుడ్డతో తుడిచి ఇస్తే అతను బిగించాడు. వెనకవి ఆరూ, మధ్యదీ కూడా విప్పించి కడిగించింది. దానికి మధ్యాహ్నమైంది. ఇద్దరూ ఎక్కువ మాట్లాడుకోలేదు. పని జరుగుతున్నప్పుడు ఆ ఇంట్లో ఎప్పుడూ మాటలు తక్కువే. ఎవరికి ఏది కావాలో రెండోవాళ్లు చూసి అందించేవారు.

స్విచ్చి వేస్తే చక్రం తిరిగింది.

*

దుప్పట్లు త్రినాధరావు ఆరేశాడు. నర్సమ్మ చెయ్యి దండెం దాకా లేవదు కాబట్టి మెట్టు మీద కూర్చుని చెబుతోంది.

"దులిపి వెయ్యి. అలగ కాదు, అంచులు కలుపు."

కలిపాడు. దిండు గలేబు చేతిలోకి తీసుకుని, దులుపుతూ, వెనక్కి తిరగకుండానే అడిగాడు.

"ఎన్నాళ్లుంటావు?"

"ఇందుకి రేపటిదాకే లీవిచ్చేరు. ఎల్లుండి పొద్దున్న బస్సుకి వెళ్లాలి."

"మిషను బాగయితే వత్తానన్నావు."

"వచ్చేను కదా."

"వచ్చి ఉంటానన్నావనుకున్నాను."

నర్సమ్మ మోకాలి మీద చీర సర్దుకుంది. "ఆ మెకానిక్కు అది బాగవ్వదని సెప్పేడు. అది నమ్మి అన్నాను మావా. రోజూ ఎప్పుడొత్తావు ఎప్పుడొత్తావు అంటే ఏటి సెప్పాలి? ఇందుని కాదనలేను. నీకు రానని సెప్పలేను. మిషను మీద పెట్టేసేను."

గలేబుకి క్లిప్పు పెట్టాడు. రెండో క్లిప్పు పెట్టాడు.

"బుజం?"

"బుజం నిజమే."

"ఎప్పటిదాకా?"

"పాపని బడిలో ఏసేదాకా. రెండేళ్లు." మెట్టు మీద కొంచెం జరిగి, "నువ్వే వచ్చేయకూడదేటి, మెట్ల మీదైనా కూకుందువు" అంది. అన్నాక తనకే బాగోలేదనిపించిందేమో, లేచి వచ్చి దుప్పటి కింది అంచు ఎడమచేత్తో లాగి సరిచేసింది.

కాటా ముల్లు ఆగిపోయాక దానితో వాదించిన రైతులను త్రినాధరావు చాలామందిని చూశాడు. వాళ్ల మీద అతనికి కోపం ఉండేది కాదు. ముల్లు మాత్రం కదిలేది కాదు. ఖాళీ బకెట్టు తీసుకుని లోపలికి వెళ్లాడు.

మర్నాడు ఆమె అతని చొక్కాలన్నీ మిషనులో వేసింది. కాలర్లకి ముందే సబ్బు రాసి, ఎంతసేపు నాననివ్వాలో చూపించింది. మధ్యాహ్నం హుక్కులు మూడూ కడిగి, బీరువాలో ఉండిపోయిన పాత జాకెట్టుకి కుట్టింది. ఆ జాకెట్టు మళ్లీ బీరువాలోనే పెట్టింది. మంగళవారం పొద్దున్న బస్సెక్కింది. సంచి ఇంకా తేలిగ్గా ఉంది.

త్రినాధరావు మళ్లీ రోజూ సాయంత్రం ఫోన్ చేస్తున్నాడు. ఎప్పుడొస్తావని అడగడం మానేశాడు. పాప ఏం తిందో అడుగుతాడు. ఒక మనిషి విప్పే చొక్కా, లుంగీ మిషనుకి చాలవు. అంత పెద్ద తొట్టిలో అవి ఒక మూలకి చేరి చక్రానికి తగులుతూ కొట్టుకుంటాయి. అందుకని అవి బండ మీదే ఉతుకుతాడు. కాలర్లు ఇప్పుడు తెల్లగా వస్తున్నాయి.

ఆదివారం తొమ్మిదింటికి మాత్రం మిషను మీది చీర తీస్తాడు. గొట్టం, గోడ పగులు చూసి, చీమలుంటే తుడుస్తాడు. తొట్టిలో సగం దాకా నీళ్లు పడతాడు. పొడి వేయడు, బట్టలు వేయడు. టైమరు పది నిమిషాలకి తిప్పి, స్టూలు వేసుకుని కూర్చుంటాడు. చక్రం కుడికి తిరుగుతుంది, ఆగుతుంది, ఎడమకి తిరుగుతుంది. ఇరుసు చప్పుడులో తేడా ఏమైనా ఉందా అని వింటాడు. లేదు.

ఒక ఆదివారం అదే సమయానికి నర్సమ్మ ఫోన్ చేసింది.

"ఏటి సేత్తన్నావు?"

"మిషనేసేను."

"విన్పిత్తంది. సౌండు బాగుంది. ఏటేసేవు?"

"దుప్పట్లు," అన్నాడు త్రినాధరావు.

"ఆరేసేటప్పుడు అంచులు కలుపు."

"కలుపుతాను."

ఆమె ఫోన్ పెట్టేసింది. టైమరు తిరిగి తిరిగి సున్నా దగ్గరికి వచ్చి ఆగింది. అతను గొట్టం కిందికి దింపి, బకెట్టు పెట్టాడు. నురగ లేని తేటనీళ్లు. పారబోయకుండా గోడ పక్కనున్న కరివేపాకు మొక్కకి పోసి, తొట్టి పొడిగుడ్డతో తుడిచి, చీర మళ్లీ కప్పాడు.